కిసుక్కున

ఆ పుస్తకంలో 'కిసుక్కున' అనే మాట లేదు. పదకొండో పేజీలో తాబేలు నవ్వే మాట నిజమే. పేజీ నిండా బొమ్మ, దాని కింద "తాబేలు నవ్వింది" అని రెండే రెండు మాటలు అచ్చయి ఉంటాయి. కిసుక్కున నవ్వడం లైబ్రరీ టీచరు సొంత సరుకు. మొదటిసారి ఆ కథ పిల్లలకు చదివి వినిపించిన రోజున ఉత్త నవ్వు మరీ చప్పగా తోచి ఆవిడ ఆ మాట కలిపింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత ఏ తరగతికి చదివినా మానలేదు. అచ్చువేసినవాళ్ళు ఏమనుకున్నా సరే, ఆ బడిలో తాబేలు కిసుక్కునే నవ్వుతుంది.

సోమవారం మూడో పీరియడులో నాలుగో తరగతి పిల్ల ఒకతె ఆ పుస్తకాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, "తాబేలు కిసుక్కున నవ్వింది" అని ఖంగుమనే గొంతుతో చదివింది.

వెనక బల్ల దగ్గర చిరిగిన పుస్తకాల వెన్నుకు టేపు అంటిస్తున్న లైబ్రరీ టీచరు చెయ్యి ఆగిపోయింది. టేపు ఆవిడ వేలికే అంటుకుంది.

చదువుతున్న పిల్లను బడి బడంతా మైకు అంటుంది. అసలు పేరు పెట్టి పిలిస్తే అదే పలకదేమో. ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు ముప్పైమంది పిల్లల్ని దాని ఒక్క గొంతే లాక్కుపోతుంది. ఇప్పుడు దాని ఎదురుగా, పిల్లల కోసం చేయించిన పొట్టి స్టూలు మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేటట్టు హెడ్మాస్టరు కూర్చుని ఉన్నాడు. గురువారం పెద్దాఫీసు నుంచి తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడు. బడిలో చదవడం రానివాళ్ళు ఒక్కరు కూడా లేరని ఆయన తేలిస్తే గేటు పక్కన 'చదివే బడి' అని బోర్డు కొడతారు. ఆ బోర్డు ఏ గోడకు, ఎంత ఎత్తున కొట్టాలో హెడ్మాస్టరు అప్పుడే సుద్దముక్కతో గుర్తు కూడా పెట్టించాడు. ఆఫీసరు ముందు నిలబెట్టి చదివించడానికి ఇప్పుడాయనకు ఒక పిల్ల కావాలి.

మైకు పేజీ తిప్పింది. పాత టేపు జిగురుకి రెండు ఆకులు కలిసి తిరిగిపోయాయి. పుస్తకంలో ఎదురుగా పద్నాలుగో పేజీ ఉంది. గొంతు మాత్రం పన్నెండో పేజీ అందుకుంది. "నీ వీపు మీద ఇల్లుండగా గొడుగెందుకే అని అడిగింది కప్ప. నేను తడవను సరే, మా ఇల్లు తడుస్తుందిగా అంది తాబేలు." ఒక్క ముక్క పొల్లుపోలేదు.

"అబ్బబ్బ! ఏం గొంతు, ఏం గొంతు!" హెడ్మాస్టరు స్టూలు మీంచి లేవడానికి కాస్త అవస్థపడి లేచాడు. "ఇంక వేరే పిల్లల్ని చూడక్కర్లేదు మేడం. గురువారం ఈ పిల్లే."

ఆయన వెళ్ళాక తరగతి టీచరు వచ్చి పిల్లల్ని వరసలో తీసుకుపోయింది. మైకును మాత్రం లైబ్రరీ టీచరు ఆపింది. అదే అరలోంచి, అదే మందంతో ఉన్న ఇంకో పుస్తకం తీసి చేతిలో పెట్టింది. ఇంతవరకు ఏ తరగతికీ చదివి వినిపించనిది.

"ఇది చదువు చూద్దాం."

మైకు పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పింది. "బొమ్మలు బాలేవు టీచర్."

"బొమ్మలతో మనకేం పని? మొదటి వాక్యం చదువు."

"గొంతు మండుతోంది టీచర్, ఇప్పటిదాకా చదివానుగా." మంచినీళ్ళు తాగొస్తానంది. తాగొచ్చింది. కంట్లో నలక పడిందంది. నలక తీసే వంకతో ఓ నిమిషం గడిపింది. ఆఖరికి పుస్తకం టీచరు చేతికే ఇచ్చేసి, ఎంతో సాయం చేస్తున్నట్టు అంది: "ముందు మీరొక్కసారి చదవండి టీచర్. తర్వాత నేను చదువుతాను."

లైబ్రరీ టీచరు తాబేలు పుస్తకం అట్ట చూపించింది. పెద్దక్షరాల్లో ఉన్న 'గొడుగు' మీద వేలు పెట్టింది. "గొడుగు" అంది మైకు టక్కున. లోపల ఒక వాక్యం మధ్యలో అదే మాట మీద వేలు పెట్టింది. మైకు బొమ్మ వైపు చూసింది, టీచరు ముఖంలోకి చూసింది. "తాబేలు?"

ఆ పిల్ల అక్షరమాల గడగడా అప్పజెబుతుంది. విడిగా రాసి చూపిస్తే క, గ, ట అన్నీ గుర్తుపడుతుంది. గుడులూ కొమ్ములూ వత్తులూ వచ్చేసరికి చీకట్లో నడుస్తున్నట్టే. అట్లా ఒకటీ రెండూ మూడూ తరగతులు దాటి నాలుగుకొచ్చేసింది. అందరికంటే గట్టిగా చదివే పిల్లకి చదవడం రాదని ఎవరికి తడుతుంది?

'నాకు తట్టొద్దూ?' అనుకుంది లైబ్రరీ టీచరు. తల కొట్టేసినట్టయింది. పిల్లలకు బొమ్మ కనిపించాలని పుస్తకాన్ని భుజం పక్కన ఎత్తి పట్టుకుని, మెడ వంచి ఓరగా చూస్తూ చదవడం ఆవిడ పద్ధతి. బొమ్మకు అడ్డమొస్తుందని అక్షరాల కింద వేలు కూడా పెట్టదు. కప్పకో గొంతు, తాబేలుకో గొంతు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటారు. ఆవిడ చదువుతుంటే వినాలే అని తోటి టీచర్లు కూడా అంటారు. ఆ మెచ్చుకోలుకి ఆవిడ ఎన్నోసార్లు పొంగిపోయింది కూడా. వినడమే అంత బాగుంటే ఆ పిల్లకి చదవాల్సిన అవసరం ఏముంది?

"నువ్వు వెళ్ళు" అంది. మైకు తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"గురువారం తాబేలు పుస్తకమే ఇస్తారు కదా టీచర్?"

ఆవిడ తాబేలు పుస్తకం మూసి అరలో పెట్టేసింది. మైకు కాసేపు చూసి వెళ్ళిపోయింది.

*

సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పులు విడుస్తూనే అత్తగారికి చెప్పింది. నవ్వుతూనే మొదలుపెట్టింది. రెండు ఆకులు కలిసి తిరిగిపోయినా గొంతు తడబడకపోవడం, కంట్లో నలక, అన్నీ అభినయించి చూపించింది. ఆరిన బట్టలు మడతపెడుతున్న అత్తగారు నవ్వలేదు.

"ఆ పిల్లకి తెలివెక్కువ" అంది ఆవిడ, దిండు గలీబు నాలుగు మూలలూ కలుపుతూ. "అదే దాని కొంప ముంచుతుంది. తెలివితక్కువదైతే ఎప్పుడో దొరికిపోయేది. ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పేవాళ్ళు."

అత్తగారికి చదువు రాదని కోడలికి తెలుసు. పెళ్ళయిన కొత్తలో నేర్పుతానంటే, ఈ వయసులో ఎందుకులే అని ఆవిడ తోసిపుచ్చింది. అంతటితో ఆ మాట ఇద్దరూ మరిచిపోయారు. కోడలు మరిచిపోయింది, అంతే.

"నేను బయటికెళ్ళేటప్పుడు కళ్ళజోడు ఎందుకు ఇంట్లో వదిలేసి వెళ్తాననుకున్నావు?" అంది అత్తగారు. "బస్సు దగ్గర 'కళ్ళజోడు మర్చిపోయొచ్చాను నాయనా, ఇదెక్కడికి పోతుంది' అని అడగొచ్చు. బ్యాంకులో కాగితం నింపమని అడగొచ్చు. కళ్ళజోడు మర్చిపోయినదాన్ని ఎవరూ తక్కువగా చూడరు. మాత్రలేమో రంగును బట్టి వేసుకుంటాను. పొద్దున తెల్లది, రాత్రి గులాబీది. మొన్న ఆ షాపువాడు వేరే కంపెనీవి ఇచ్చాడు. రెండూ తెల్లవే. రెండ్రోజులు అసలు వేసుకోనే లేదు."

"నన్నడగొచ్చు కదా అత్తయ్యా!"

"అడిగితే తెలిసిపోతుందిగా."

"నాకు తెలుసు కదా."

"రాదని తెలుసు. ఎంత రాదో తెలీదు." అత్తగారు మడతపెట్టిన బట్టల దొంతరను అరచేత్తో అదిమింది. "ఆ పిల్లని ఇట్లా కానివ్వకమ్మా."

*

మంగళవారం మొదటి గంట కొట్టగానే లైబ్రరీ టీచరు హెడ్మాస్టరు గదికి వెళ్ళింది. చెప్పాల్సింది దారి పొడుగునా మనసులో రాసుకుంటూ వెళ్ళింది. గదిలోకి అడుగుపెట్టాక నీళ్ళు నమలకుండా చెప్పేసింది.

"రాదా?" హెడ్మాస్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను నా చెవులతో విన్నాను కదా మేడం!"

"కంఠతా వచ్చు సార్. చదవడం రాదు."

"వినేవాళ్ళకి తేడా ఏముందండీ అందులో?"

హెడ్మాస్టరు చెడ్డవాడు కాడు. జ్వరం వచ్చిన పిల్లల్ని తన స్కూటరు మీద ఇంటి దగ్గర దింపి వచ్చిన రోజులున్నాయి. వాన పడితే కారే వరండా కప్పు కోసం మూడేళ్ళుగా పెద్దాఫీసు మెట్లు అరిగేలా తిరుగుతున్నాడు. ఆ బోర్డు వస్తే కప్పు వస్తుందని ఆయన ఆశ. సొరుగులోంచి ఒక ఫారం తీసి బల్ల మీద ఆవిడ వైపు తిప్పి పెట్టాడు.

"ధారాళంగా చదవలేని పిల్లల సంఖ్య" అని ఒక గడి. ఖాళీగా ఉంది. దాని కింద లైబ్రరీ టీచరు సంతకానికి చోటు.

"ఏడాది మొదట్లో మీ జాబితాలో ఏడుగురు ఉన్నారు. రోజూ చివరి గంట కూర్చోబెట్టుకుని ఏడుగురినీ గట్టెక్కించారు. నేను కాదనను. ఇప్పుడు ఆఖరి నిమిషంలో ఒకటి అని రాస్తే ఏమంటారు? నాలుగో తరగతి దాకా ఈ పిల్లని ఎవరూ చూడలేదా, ఆ లైబ్రరీ టీచరు ఏం చేస్తున్నట్టు అంటారు. మీదసలే ఏడాదికోసారి పొడిగించే పోస్టు. సున్నా పెట్టండి. మీ సేవలు కొనసాగించాలని కింద నేనే రాస్తాను."

"మరి ఆ పిల్ల సార్?"

"శుక్రవారం నుంచి కూర్చోబెట్టుకోండి. ఎవరొద్దన్నారు? గురువారం ఒక్కటి దాటనివ్వండి."

శుక్రవారం ఎంతో దూరం లేదు. మూడు రోజులు. మూడేళ్ళుగా రానిది మూడు రోజుల్లో ఇంకేం చెడిపోతుంది? సున్నా పెట్టింది. సంతకం పెట్టింది. తర్వాత ఆ పనికి ఎన్ని పేర్లు పెట్టుకున్నా, ఆ క్షణంలో ఆవిడ భయపడింది. అంతకంటే ఏమీ లేదు.

*

బుధవారం మధ్యాహ్నం లైబ్రరీలో ఇద్దరే ఉన్నారు. చాప మీద ఎదురెదురుగా కూర్చున్నారు. లైబ్రరీ టీచరు అంటుకుపోయిన ఆకుల మధ్య స్కేలు దూర్చి మెల్లగా విడదీసింది. జిగురు ఉన్నచోట సుద్దపొడి అద్దింది. ఎక్కడెక్కడ పేజీ తిప్పాలో మైకుకు రెండుసార్లు చూపించింది. మైకు ఒక్కసారికే పట్టేసింది. అట్లాంటి బుర్ర.

"ఇంకో మాట" అంది టీచరు, పుస్తకంలోకి చూస్తూ. "ఆఫీసరు గారి చేతిలో కూడా ఈ పుస్తకమే ఉంటుంది. మన దగ్గర రెండోది ఉంది కదా, అది ఇస్తారు. అందుకని పదకొండో పేజీలో 'కిసుక్కున' అనకు. ఉత్త 'తాబేలు నవ్వింది' అను."

"ఎందుకు?"

"ఆ మాట ఇందులో లేదు."

మైకు వంగి బొమ్మ కిందకి చూసింది. ఉందో లేదో చూసి తెలుసుకునే దారి దానికి లేదు. అయినా చూసింది. "మీరు రోజూ చదువుతారుగా!"

"నేను కలిపాను."

"అంటే..." మైకు కళ్ళు పెద్దవి చేసింది. "అక్కడ లేనిది కూడా చదవొచ్చా టీచర్?"

లైబ్రరీ టీచరుకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పదమూడేళ్ళ వృత్తిలో పిల్లలకు దొంగతనంగా పుస్తకం ఎత్తుకుపోవద్దని చెప్పింది, పేజీలు చింపొద్దని చెప్పింది, పుస్తకాల్లో రాయకూడదని తన చేత్తో అట్టమీద రాసి గోడకు తగిలించింది. దొరక్కుండా ఉండడం ఎలాగో ఒక పిల్లకి నేర్పడం ఇదే మొదలు.

"మా అమ్మకి చెప్తారా?" అంది మైకు. మొదటిసారి దాని గొంతు కాస్త తగ్గింది.

"ఏమని?"

మైకు చాప పోగు ఒకటి పీకింది.

"చెప్పను" అంది టీచరు. "నువ్వు కూడా ఎవరికీ చెప్పకు. రేపు ఒక్కరోజు గడవనీ. శుక్రవారం నుంచి మనిద్దరం కూర్చుందాం. అన్నీ నేర్పుతాను."

"ఒట్టు?"

"ఒట్టు."

మైకు చేతిలోని పోగును జేబులో వేసుకుని లేచింది. గుమ్మం దాటగానే వరండా దద్దరిల్లేలా ఎవరినో పిలుస్తూ పరుగెత్తింది.

*

గురువారం ఆఫీసరు చెప్పిన వేళకే వచ్చాడు. పొడుగ్గా, నెమ్మదిగా ఉన్నాడు. అలమారలు చూశాడు, పుస్తకాల మీద వేలు రాసి దుమ్ము ఉందేమో చూసుకున్నాడు. తాబేలు పుస్తకం రెండో ప్రతి తీసుకుని కుర్చీలో కూర్చున్నాడు. నాలుగో తరగతి పిల్లలంతా తలలు దువ్వుకుని చాప మీద చేతులు కట్టుకుని ఉన్నారు. మైకు మధ్యలో నిలబడింది.

మొదలుపెట్టింది. ఆఫీసరు వాక్యం వాక్యానికీ వేలు జరుపుతూ పుస్తకంలోనే చూస్తున్నాడు. లైబ్రరీ టీచరు గోడకానుకుని, పేజీ తిప్పాల్సిన ప్రతిచోటా తన చేతివేళ్ళు తనే నలుపుకుంటోంది. మూడో పేజీ. అయిదో పేజీ. తాబేలు గొడుగు కోసం సాలీడు దగ్గరికి వెళ్ళింది, పుట్టగొడుగు దగ్గరికి వెళ్ళింది. పదకొండో పేజీ వచ్చింది.

మైకు ఆగింది. టీచరు వైపు ఒక్క చూపు చూసింది.

"తాబేలు నవ్వింది" అంది.

"కిసుక్కున!" అని అరిచారు చాప మీది పిల్లలంతా ఒక్కసారిగా. వాళ్ళ తప్పేమీ లేదు. మూడేళ్ళ అలవాటు. అరిచేసి వాళ్ళలో వాళ్ళు కిసుక్కున నవ్వుకున్నారు.

ఆఫీసరు వేలు ఆగింది. పుస్తకంలో వెతుక్కున్నాడు. తలెత్తాడు. హెడ్మాస్టరు ముఖం పాలిపోయింది.

"ఆ మాట ఇందులో లేదే!" అన్నాడు ఆఫీసరు.

"చూశారా?" ఆయన హెడ్మాస్టరు వైపు తిరిగాడు. "వీళ్ళందరూ విన్నది బట్టీపట్టినవాళ్ళు. అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివింది ఈ పిల్ల ఒక్కతే. చదవడమంటే ఇదీ!"

చాప మీద ఉన్న ఇరవైతొమ్మిదిమందికీ చదవడం వచ్చు. వాళ్ళు ఆ మాట విని తలలు దించుకున్నారు. ముందు వరసలో కూర్చున్న ఒక పిల్ల పెదవి వణికింది. ఏడాది మొదట్లో ఏడుగురి జాబితాలో ఉన్న పిల్ల అది. నాలుగు నెలలు కష్టపడి కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. 'కాదండీ, అది నా మాట' అనడానికి లైబ్రరీ టీచరు నోరు తెరిచింది. హెడ్మాస్టరు చూపు తగిలి మూసుకుంది.

మైకుకు బహుమతి ఇచ్చారు. లావుపాటి కథల పుస్తకం, గట్టి అట్ట, లోపల బొమ్మల్లేవు. దాంతోపాటు 'ధారాళంగా చదవగలదు' అని రాసిన సర్టిఫికెట్. పిల్లలు చప్పట్లు కొట్టారు. మైకు సర్టిఫికెట్‌ను తలకిందులుగా పట్టుకుంటే, ఫొటో తీసే గుమాస్తా వచ్చి నవ్వుతూ తిప్పి పెట్టాడు.

శుక్రవారం చివరి గంటలో లైబ్రరీ టీచరు చాప దులిపి పరిచింది. పలకా, సుద్దముక్కా, గుణింతాల అట్టముక్కలూ తీసి పెట్టుకుని ఎదురుచూసింది. మైకు రాలేదు. నాలుగో తరగతికి వెళ్ళి అడిగితే తరగతి టీచరు నొసలు చిట్లించింది.

"అది జాబితాలో లేదుగా మేడం. నిన్ననేగా సర్టిఫికెట్ ఇచ్చారు? ఇప్పుడు చదవడం రానివాళ్ళ గంటకి పంపిస్తే వాళ్ళమ్మ వచ్చి నా మీద పడుతుంది."

మైకు కిటికీ పక్క బెంచీ మీద ఉంది. టీచరును చూసి, చూడనట్టు నోటుపుస్తకంలోకి తల దించుకుంది.

*

సోమవారం పెద్దాఫీసు నుంచి ఉత్తరువు వచ్చింది. హెడ్మాస్టరు పిలిపించి కాగితం ఆవిడ చేతికిచ్చి, తను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. బడిలో ధారాళంగా చదవలేని పిల్లలెవరూ లేనందున, ప్రత్యేక గంట కోసం మంజూరు చేసిన లైబ్రరీ టీచరు పోస్టు అవసరం తీరింది. బుధవారం సాయంత్రంలోగా తాళంచెవులు గుమాస్తాకు అప్పగించాలి.

"నాకు తెలీదు మేడం" అన్నాడు హెడ్మాస్టరు. "నామీద ఒట్టు. ఇట్లా అవుతుందనుకుంటే..."

ఆవిడ ఆ కాగితాన్ని రెండోసారి చదివింది. ఆ గడిలో ఒకటి అని రాసి ఉంటే పోస్టు ఉండేది. ఆ ఒక్క పిల్ల కోసమైనా ఉంచేవాళ్ళు. ఏ పిల్లను దాచిపెట్టి ఉద్యోగం కాపాడుకుందామనుకుందో, ఆ పిల్లే ఆ ఉద్యోగానికి మిగిలిన ఒకే ఒక్క ఆధారం. నవ్వొచ్చినంత పనయింది. ఏడుపు కూడా వచ్చింది. హెడ్మాస్టరు ఎదుట ఏ ఒక్కటీ బయటపడకుండా పళ్ళబిగువున ఆపుకుంది.

ఇంట్లో "అవసరం తీరిందట అత్తయ్యా" అంది.

"ఎవరి అవసరం?" అంది అత్తగారు.

*

బుధవారం మధ్యాహ్నానికి పుస్తకాల లెక్క చూడడం దాదాపు పూర్తయింది. గుమాస్తా రిజిస్టరు బల్ల మీద వదిలి టీ తాగడానికి వెళ్ళాడు. మైకు వచ్చింది. బహుమతి పుస్తకాన్ని గుండెకు హత్తుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

"శుక్రవారం ఎందుకు రాలేదు?" అని అడగబోయి ఊరుకుంది టీచరు. అడిగే ముఖం తనకి లేదు.

"టీచర్, ఇది ఒక్కసారి చదివి వినిపిస్తారా?" మైకు పుస్తకం చాప మీద పెట్టింది. "ఆదివారం మా నాన్న మా పెదనాన్నవాళ్ళనీ మేనత్తవాళ్ళనీ పిలిచాడు. అందరి ముందూ నన్ను చదవమంటున్నాడు. మొత్తం వద్దు, మొదటి కథ చాలు. ఒక్కసారి వింటే నాకు వచ్చేస్తుంది."

మొదటి కథ ఎనిమిది పేజీలు. పావుగంట పని. చదివి వినిపిస్తే ఆదివారం గడిచిపోతుంది. ఆ తర్వాత ఇంకో ఆదివారం ఉంటుంది. ఆ తర్వాత బస్సులుంటాయి, బ్యాంకులుంటాయి, మాత్రలుంటాయి. లైబ్రరీ టీచరు పుస్తకం తెరిచింది. మొదటి వాక్యం పెదవుల దాకా వచ్చింది. మూసేసింది.

లేచి అరలోంచి తాబేలు పుస్తకం తీసింది. పదకొండో పేజీ తెరిచి చాప మీద పెట్టింది. జడ ముడిలో గుచ్చుకున్న పెన్సిల్ తీసి, 'తాబేలు'కూ 'నవ్వింది'కీ మధ్య పైన, పెద్దక్షరాలతో రాసింది.

మైకు బిత్తరపోయి గోడ మీది అట్ట వైపు చూసింది. దాని మీద ఏముందో దానికి కూడా తెలుసు. చాలాసార్లు విన్నదే. "పుస్తకాల్లో రాయకూడదుగా టీచర్!"

"ఇదేమిటో చెప్పు."

"కిసుక్కున."

"ఎట్లా తెలిసింది?"

"అక్కడ అదేగా ఉండాలి."

"సరే." టీచరు మిగతా మాటంతా చేత్తో మూసి మొదటి అక్షరం ఒక్కటే ఉంచింది. "అయితే ఇదేంటి?"

మైకు చాలాసేపు చూసింది. నోట్లో ఆ మాటనే మెల్లగా అనుకుంది. "కి?"

"కి. తల మీద గుడి చూడు. ఇప్పుడు నీ పుస్తకంలో ఇట్లాంటిది ఎక్కడుందో వెతుకు."

మైకు బోర్లా పడుకుని బహుమతి పుస్తకం మొదటి పేజీ మీద వేలు పెట్టింది. రాయి మీంచి రాయి మీదికి అడుగేస్తున్నట్టు ఒక్కో అక్షరం దాటుకుంటూ వెళ్ళింది. నాలుగో వరసలో వేలు ఆగింది. "ఇదిగో. కి." పక్కకు జరిపింది. "ఇది ట... దీనికీ గుడి ఉంది." మళ్ళీ జరిపింది. "ఇది మళ్ళీ కి. కాదు, దీని గుడికి మెలిక ఉంది."

"మెలిక ఉంటే సాగదియ్యాలి."

"కి... టి... కీ." మైకు కదలకుండా ఉండిపోయింది. తర్వాత తలెత్తి గదిలోని కిటికీ వైపు చూసింది. "కిటికీ" అంది. ఆ పిల్ల గొంతు అంత చిన్నగా లైబ్రరీ టీచరు ఎన్నడూ వినలేదు. పక్కన ఉన్నవాళ్ళకి తప్ప వినిపించదు.

ఆఖరి గంట కొట్టారు. గుమాస్తా వచ్చాడు. చాప మీది తాబేలు పుస్తకం తీసి పేజీలు తిరగేసి ముఖం చిట్లించాడు.

"ఇందులో పెన్సిల్ రాత ఉందండీ. ఈ పిల్ల పనేనా?"

"కాదు. నాదే."

గుమాస్తా ఆవిడ ముఖంలోకి చూశాడు. ఉద్యోగం పోతున్న మనిషి, ఏమనగలడు? రిజిస్టరులో ఆ పుస్తకం నంబరుకెదురుగా 'పాడైనది' అని రాసి, "సంతకం పెట్టండి" అని తిప్పి పెట్టాడు. లైబ్రరీ టీచరు పెట్టింది. ఆ నెలలో ఆవిడ పెట్టిన సంతకాల్లో అదొక్కటే నిజం.

ముగ్గురూ వరండాలోకి వచ్చారు. మైకు వేలు ఇంకా నాలుగో వరసలోనే ఉంది. పుస్తకం ఆ వేలి మీదే మూసి పట్టుకుంది.

"మిగతా మాటలు రేపు చెప్తారా టీచర్?"

"రేపట్నుంచి నేను రానమ్మా. లైబ్రరీ కూడా తియ్యరు." ఆవిడ వంగి ఆ పిల్ల ఎత్తుకు వచ్చింది. "సాయంత్రాలు మా ఇంటికి రా. రోజూ రా. నేర్పుతాను."

"మా అమ్మ ఎందుకని అడుగుతుంది. ఏం చెప్పను?"

"చదవడం రాదని చెప్పు. ఏం పర్వాలేదు. నీ తప్పు కాదు. ఉన్నదున్నట్టు చెప్పెయ్."

మైకు ఆవిడ వైపు అయోమయంగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. పాఠం సరిగ్గా అప్పజెబుతున్నానో లేదో అన్న అనుమానం మాత్రమే ఉంది.

"మీరే కదా టీచర్, ఎవరికీ చెప్పొద్దన్నారు?"

గుమాస్తా తలుపు దగ్గరికి లాగి తాళం వేశాడు. పడిందో లేదోనని రెండుసార్లు గుంజి చూసుకున్నాడు.